పీలగొంతు హత్యాకాండ

తెలుగు ఆడియో థ్రిల్లరులో హంతకురాలిని పట్టుకోవడానికి డిటెక్టివు అక్కర్లేదు, పోలీసు కుక్క అక్కర్లేదు. చెవులుంటే చాలు. ఆవిడ మొదటి ఎపిసోడ్‌లో తలుపు తీసి "రండి" అంటుంది. ఆ రెండక్షరాలు పలకడానికి నాలుగు సెకన్లు తీసుకుంటుంది. అందులో మాట కొంచెం, ఊపిరి ఎక్కువ. కేసు అక్కడితో ముగిసిపోయింది. డిటెక్టివు గారు మాత్రం ఇంకో ఎనభై ఎపిసోడ్ల పాటు సిగరెట్లు కాలుస్తూ, వానలో తడుస్తూ, బెంగుళూరు దాకా వెళ్లొస్తూ వెతుకుతూనే ఉంటారు. మా తిరువూరు బోసుబొమ్మ సెంటర్లో ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకున్న కుర్రాడు ఆయన మీద జాలిపడుతూ ఉంటాడు.

చచ్చిపోబోయే పిల్లను గుర్తుపట్టడం అంతకంటే తేలిక. సన్నగొంతు, కొంచెం ముక్కు, మాట చివర ఒక సాగతీత. "నాకెందుకో భయమేస్తోందండీ" అన్నదంటే ఇక ఆ పిల్లకు మూడో ఎపిసోడ్ దాటి ఆయుష్షు లేదు. గలగలా మాట్లాడుతూ నవ్వక్కర్లేని చోట నవ్వితే కథానాయిక. వణికితే తల్లి. వణికి, దగ్గితే అమ్మమ్మ. ఈ నాలుగైదు గొంతుల్లో తెలుగు ఆడవాళ్లందరినీ సర్దేశారు మన కథకులు. పైగా అవన్నీ ఒకే మగమనిషి తన గొంతును తలా కాస్త నొక్కి తీసినవి.

మగపాత్రల దగ్గరికి వచ్చేసరికి ఆయనకు ఎక్కడలేని ఓపికా వస్తుంది. సీఐ గారిది కడప యాస. హెడ్ కానిస్టేబులుది శ్రీకాకుళం. రౌడీది హైదరాబాదు పాతబస్తీ. లారీ డ్రైవరుకు గుంటూరు దూకుడు. ఒక్క సీనులో కనిపించి "నాకేం తెలీదు సార్" అని వెళ్లిపోయే వాచ్‌మన్‌కు కూడా ఒక జిల్లా, ఒక బీడీ దగ్గు, ఒక జీవితం ఇచ్చి పంపిస్తారు. ఆడమనిషికి మాత్రం జిల్లా లేదు. డాక్టరైనా, దొంగైనా, పనమ్మాయైనా, మంత్రిగారి రెండో భార్యైనా ఆవిడ ఆ పీలగొంతు అనే ఊళ్లోనే పుట్టి పెరిగింది.

మాకు ఈ బాధ కొంచెం ఎక్కువగా తగులుతుంది, ఎందుకంటే మేముండేది సరిహద్దులో. 2022 ఏప్రిల్ 4న మా తిరువూరు కృష్ణా జిల్లాలోంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారింది. మా ఆడవాళ్లకు జిల్లా పేరు మారిందే తప్ప జిల్లా పోలేదు. జాతీయ రహదారి 30 మీద కాస్త ముందుకు పోతే పెనుబల్లి, అంటే తెలంగాణ. వెనక్కు వస్తే మైలవరం, ఆ తరవాత బెజవాడ. మా కూరగాయల బజారులో బేరమాడే ఆవిడ ఒకే వాక్యాన్ని కృష్ణా దీర్ఘంతో మొదలుపెట్టి ఖమ్మం విరుపుతో ముగిస్తుంది. ఆర్టీసీ బస్సులో కండక్టరమ్మ "పైకి జరగండి" అంటే ఆ గొంతుకు నిలబడ్డ నలభై మందీ జరుగుతారు. మామిడి తోటల్లో కాయ ఏరే ఆడవాళ్లు బంగినపల్లి ఎక్కడుందో కలెక్టరు కాయ ఎక్కడుందో ఈ చెట్టు కింద నుంచి ఆ చెట్టు కిందకి అరిచి చెబుతారు. వీళ్లలో ఒక్కరి గొంతైనా పీలగా ఉందేమో వచ్చి వినమనండి కథకుడు గారిని. ఆయన స్టూడియోకు కిటికీ లేకపోతే మేం ఏం చేస్తాం?

ఇంతకీ ఈ కథలు ఎవరు వింటున్నారనుకుంటున్నారు ఆయన? అర్ధరాత్రి ఒంటరిగా పడుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకున్న పాతికేళ్ల మగపిల్లాడనుకుంటున్నట్టున్నారు. ఆ పిల్లాడూ ఉన్నాడు, కాదనను. కానీ మా ఊళ్లో నికరమైన శ్రోతలు చేతులు ఖాళీ లేనివాళ్లు. కారు నడిపేవాళ్లు, మిరపకాయల తొడిమలు తీసేవాళ్లు, కుట్టుమిషను తొక్కేవాళ్లు. ఒక టైలరింగు షాపులో జాకెట్టు కోసం నిలబడి నేను విన్న సంభాషణ ఇది. ఫోను మిషను బల్ల మీద ఉంది, స్పీకరు ఆన్‌లో ఉంది.

"అక్కా, ఈ పిల్లని చంపేస్తాడు చూడు."

"ఎట్లా చెప్పావే? ఇప్పుడేగా వచ్చింది."

"గొంతు వినలా? బతికేవాళ్లకి అంత సన్నగా ఇవ్వడు."

"మరి చంపేదెవరు?"

"ఆ బరువు గొంతుదేగా. పొద్దున్నుంచీ ఊపిరి పీలుస్తానే ఉంది. హుక్సులు ఇటు పడెయ్."

ఇదీ తెలుగు సస్పెన్సు గతి. రచయిత నాలుగు వందల పేజీలు కష్టపడి దాచిన రహస్యాన్ని హుక్సులు కుట్టే అమ్మాయి నాలుగు నిమిషాల్లో బయటపెట్టింది. ఆ రచయితకు ద్రోహం చేసింది ఆ పిల్ల కాదు, చదివిన పెద్దమనిషి. "చెడ్డ ఆడది ఇలా మాట్లాడుతుంది, మంచి ఆడది అలా మాట్లాడుతుంది" అని ఆయన బుర్రలో ఒక పట్టిక ఉంది. ఆ పట్టిక ప్రకారం గొంతులు పంచాడు, పంచిన క్షణాన కథ తాళం చెవి వినేవాళ్ల చేతిలో పెట్టేశాడు. ఆడవాళ్ల మీద చిన్నచూపు ఉంటే పాపం తగులుతుందో లేదో నాకు తెలీదు, అది పురాణం చెప్పేవాళ్లు చూసుకుంటారు. థ్రిల్లరు రాసేవాడికి మాత్రం వెంటనే తగులుతుంది. అనుమానితుల జాబితాలో సగం మంది మొదటి వాక్యంలోనే కొట్టుకుపోతారు.

ఇక వర్ణనల సంగతి. అచ్చు నవలలో ఆ భాగం వచ్చినప్పుడు కన్ను ఐదారు లైన్లు దూకి అవతల పడేది. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, రాజులను, మధుబాబు గారి షాడోను అద్దె పుస్తకాల షాపుల్లోంచి తెచ్చుకుని ఒక్క రాత్రిలో ముగించిన తరం మాది. ఆ రోజుల్లో అట్ట మీది బొమ్మకూ లోపలి కథకూ పెద్దగా సంబంధం ఉండేది కాదు. అట్టకు పాత న్యూస్‌పేపరు తొడిగేస్తే ఆ గొడవ తీరిపోయేది. లోపల వర్ణన వస్తే పేజీ తిప్పేసేవాళ్లం. ఎవరి గొంతు ఎలా ఉండాలో మేమే నిర్ణయించుకునేవాళ్లం. చెవికి ఆ సౌకర్యం లేదు. చెవికి దూకడం రాదు, రెప్ప వేయడం రాదు. ముందుకు జరిపే బటను ఉందంటారు. రెండు చేతులూ గుడ్డ మీదో స్టీరింగు మీదో ఉంటే దాన్ని ముక్కుతో నొక్కాలా?

అందుకని రచయిత పొరపాటున రాసిన ప్రతి చెడ్డ వాక్యాన్నీ మేం పూర్తిగా, నిదానంగా, నేపథ్య సంగీతంతో సహా వినాలి. మగశవం దొరికితే ఎలా చెబుతారో గమనించారా? "సుమారు నలభై ఏళ్లు, నీలం చొక్కా, తలకు గాయం." అయిపోయింది. పక్కనే ఆడశవం దొరికిందంటే కథకుడు గారు కుర్చీలో సర్దుకు కూర్చున్న చప్పుడు మనకు వినిపిస్తుంది. చీర రంగు, అది ఎక్కడ ఎంత జారింది, జుట్టు, పెదవి, వెన్నెల. గొంతు చిక్కబడుతుంది, వయొలిన్ మొదలవుతుంది. మూడు నిమిషాలైనా ఆమె ఎలా చనిపోయిందో మనకు తెలీదు. ఇన్‌స్పెక్టరు, ఫోటోగ్రాఫరు, రచయిత, కథకుడు, నలుగురూ కలిసి ఆమె అందానికి పంచనామా రాస్తున్నారు. శవపరీక్ష చేసే డాక్టరు కూడా నిట్టూరుస్తాడు. ఇదంతా మా టైలరింగు షాపులో, ఎనిమిదో తరగతి పిల్ల యూనిఫారం కొలతలకు నిలబడ్డప్పుడు, స్పీకరులో.

ఆ తరవాత మజా ఏమిటంటే, ఈ రసాస్వాదన ముగిశాక కథకుడు గారు గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెడతారు. "కాబట్టి అమ్మాయిలూ, రాత్రిపూట ఒంటరిగా వెళ్లకండి. ఎవర్ని పడితే వాళ్లని నమ్మకండి." అయ్యా, ఆమె రాత్రిపూట ఒంటరిగా వెళ్లింది మీరు రాశారు గనక. నమ్మింది మీరు నమ్మించారు గనక. హంతకుణ్ని ఒక్కమాట అనరేం? అతనికేమో చిన్నప్పుడు తల్లి చేసిన అన్యాయం ఒకటి ఫ్లాష్‌బ్యాకులో సిద్ధంగా ఉంటుంది, అదీ ఆడమనిషి ఖాతాలోనే పడుతుంది. నిజంగా జరిగిన నేరాలు చెప్పే చానళ్లు ఇంకో మెట్టు ఎక్కాయి. మగవాడు మగవాణ్ని పొలం గట్టు తగాదాలో నరికినా శీర్షికలో ఒక ఆడమనిషి ఉండాల్సిందే.

కేకల లెక్క కూడా చూసుకోండి. యాప్‌లో ఉచిత ఎపిసోడ్లు ఎక్కడ ముగుస్తాయో సరిగ్గా అక్కడ ఆమె కెవ్వున అరుస్తుంది. ఎందుకు అరిచిందో తెలియాలంటే కాయిన్లు కొనాలి. కొన్నాక తెలుస్తుంది, ఆమె అరిచింది బల్లిని చూసి. తరవాతి తాళం దగ్గర మళ్లీ అరుస్తుంది. వ్యాపారమంతా ఆమె గొంతు మీద నడుస్తోంది. ఆ అరుపు వరకు మాత్రం ఒక అమ్మాయిని పిలిపించి రికార్డు చేసుకుంటారు కాబోలు, అదొక్కటే అసలు ఆడగొంతులా ఉంటుంది.

అడిగితే వాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "మగవాడు చదువుతున్నప్పుడు ఆడగొంతు ఎలా వస్తుందండీ?"

ఎవరి దగ్గర, ఏ గడ్డ మీద నిలబడి అడుగుతున్నారు ఆ ప్రశ్న? స్థానం నరసింహారావు పుట్టింది బాపట్లలో. సత్యభామ, చింతామణి, రోషనార వేషాలు కట్టి, 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన చీరకట్టు చూసి నేర్చుకున్న ఆడవాళ్లున్నారని పెద్దలు చెప్పుకునేవారు. మా పాత కృష్ణా జిల్లాలోనే ఉన్న కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ వేసి రంగం మీద జడ విసిరితే అక్కడున్నది మగవాడన్న స్పృహ ఎవరికుంది? ఆదిభట్ల నారాయణదాసు కాలికి గజ్జె కట్టి, ఒక్కడే నిలబడి, రాజూ రాణీ దాసీ అన్నీ తానే అయి రాత్రి తెల్లవార్లూ హరికథ చెప్పినవాడు. షేక్ నాజర్ బుర్రకథగా చెప్పిన పల్నాటి యుద్ధంలో నాయకురాలు నాగమ్మ ఉంది. ఒక రాజ్యాన్ని కొనవేలితో ఆడించిన ఆ మంత్రి చేత ఎవరైనా పీలగొంతుతో మాట్లాడిస్తే పల్నాడు జనం పందిరి గుంజలు పీకి ఉండేవాళ్లు కాదూ?

కాబట్టి చదివేవాడు మగవాడు కావడం తప్పు కాదు. వీళ్లందరూ మగవాళ్లే. తేడా ఏమిటంటే వాళ్లు ఆ ఆడమనిషి ఏమనుకుంటోందో ముందు పట్టుకున్నారు. అభిమానం ఎక్కడ, కోపం ఎక్కడ, మాట ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ తెగుతుంది అని చూసుకున్నారు. మన కథకుడు పట్టుకునేది గొంతు నరం ఒక్కటే. మంచి చదువరి స్థాయి మార్చడు, నడక మారుస్తాడు. వకీలమ్మ అయితే వాక్యం తొందరగా ముగిస్తుంది, అబద్ధమాడే ఆవిడ అవసరానికి మించి ఒక మాట చెబుతుంది, భయపడ్డ మనిషి చాలాసార్లు మామూలు కంటే నెమ్మదిగా, ఆచితూచి మాట్లాడుతుంది. మీరు ప్రతిసారీ కీచుమనిపిస్తారే, భయపడ్డ ఆడమనిషిని ఇంట్లో ఎప్పుడూ చూడలేదా?

మగవాళ్లకు అంత కష్టమైతే ఆడవాళ్లను పిలవండి. కరువా? 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలైనప్పటి నుంచి శ్రవ్య నాటకం అనేదొకటి ఉంది మనకు. హైదరాబాదు కేంద్రంలో శారదా శ్రీనివాసన్ చలం గారి 'పురూరవ' నాటకంలో ఊర్వశి అయినప్పుడు, కనపడని మనిషి కోసం ఊళ్లకు ఊళ్లు రేడియో చుట్టూ చేరాయి. ఊర్వశి అప్సరస. వర్ణించాలంటే ఇంతకంటే పెద్ద అవకాశం ఇంకెవరికొస్తుంది? ఆవిడ చేసిందల్లా మాట పలకడమే. బెజవాడలో పుట్టిన తెన్నేటి హేమలత, మనందరి లత, రేడియోలో అనౌన్సరుగా పనిచేస్తూనే నవలలు రాసింది. గొంతూ కలమూ ఒకే మనిషి దగ్గర ఉన్న కాలం అది. ఇక సినిమాల సంగతి చెప్పాలా? మన తెర మీద హీరోయిన్ సొంతగా తెలుగు మాట్లాడితే అది వార్త. దశాబ్దాలుగా హీరోయిన్లకు గొంతు అరువిచ్చింది సరిత, రోజారమణి, సునీత లాంటివాళ్లు. 2010లో 'ఏ మాయ చేసావె' చూసి జెస్సీతో ప్రేమలో పడ్డ కుర్రాళ్లందరూ సగం చిన్మయి గొంతుతో ప్రేమలో పడ్డారు. ఇంతమంది గొంతు కళాకారిణులున్న భాషలో హత్యకు గురయ్యే ఆడపిల్లకు మాత్రం ఒక మగాడు ముక్కు మూసుకుని మాట్లాడాలా?

గొంతుతోనే నడిచే థ్రిల్లరు ఎలా ఉంటుందో చూపించిన కథ కూడా మనదే. యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల'. చదరంగం ఆటగాడికి ఒక అమ్మాయి ఫోను చేసి, నన్ను కనుక్కో చూద్దాం అని చిక్కుముళ్లు విసురుతుంది. ఆ అమ్మాయి గొంతు, తెలివి, ఈ రెండే కథకు ఇంధనం. దాన్ని 1995లో సునీల్ కుమార్ దేశాయ్ కన్నడంలో 'బెళదింగళ బాలె'గా తీసినప్పుడు ఏం చేశాడో తెలుసా? సినిమా మొత్తంలో ఆ పిల్ల ముఖం చూపించలేదు. గాయని మంజులా గురురాజ్ గొంతు ఒక్కదాన్నీ నమ్ముకున్నాడు. కళ్లతో చూసే సినిమావాడు ముఖం దాచి గొంతును నిలబెట్టాడు. చెవులతో వినే ఆడియోవాడు గొంతును వదిలేసి ఒళ్లు వర్ణిస్తున్నాడు. తెలుగువాడి కథను కన్నడిగుడు అర్థం చేసుకున్నంత మనం చేసుకోలేకపోయాం, సరే, పక్కింటివాళ్లే కదా అని ఊరుకుందాం.

బయటి దేశాల్లో ఈ లెక్క ఎప్పుడో తేల్చుకున్నారు. జిలియన్ ఫ్లిన్ 2012లో రాసిన 'గాన్ గర్ల్' మొగుడూ పెళ్లాల వాదులాట. ఆడియోలో మొగుడి భాగం కర్బీ హేబోర్న్, పెళ్లాం భాగం జూలియా వీలన్ చదివారు. ఆవిడ గొంతు విని ఆమె మంచిదో చెడ్డదో చెప్పమనండి మా హుక్సుల అమ్మాయిని, తిప్పలు పడుతుంది. అదీ సస్పెన్సంటే. పౌలా హాకిన్స్ 2015లో రాసిన 'ద గర్ల్ ఆన్ ద ట్రెయిన్'లో చెప్పేవాళ్లు ముగ్గురు ఆడవాళ్లు, ఆడియోలో చదివినవాళ్లూ ముగ్గురు ఆడవాళ్లే. అందులో ఒకావిడ తాగుబోతు. తన జ్ఞాపకాన్ని తనే నమ్మలేదు. ఆ గొంతులో అలసట ఉంటుంది తప్ప "చూశారా, చెడ్డ ఆడది" అన్న సైగ ఉండదు.

అలాగని అక్కడ అంతా పుణ్యలోకం కాదు. ఆడదాన్ని చంపందే కథ మొదలుకాని జబ్బు వాళ్లకూ ఉంది. అది చూసి విసిగి 2018లో బ్రిజెట్ లాలెస్ అనే బ్రిటిష్ సినిమా రచయిత్రి ఒక బహుమతి పెట్టింది. పేరు స్టాంచ్ బుక్ ప్రైజ్. ఏ ఆడమనిషినీ కొట్టకుండా, వెంటాడకుండా, చెరచకుండా, చంపకుండా రాసిన థ్రిల్లరుకే ఇస్తానంది. వాల్ మెక్‌డెర్మిడ్ లాంటి రచయిత్రులు ఒప్పుకోలేదు. బయట ఆ హింస జరుగుతున్నంత కాలం రాయక తప్పదన్నారు. నా ఓటు వాల్ మెక్‌డెర్మిడ్‌కే. ఆడవాళ్లను చంపొద్దని నేననడం లేదు. థ్రిల్లరు కదా, ఎవరో ఒకరు చావాలి. చచ్చేముందు మనిషిలా మాట్లాడనివ్వండి, చచ్చాక శవంలా పడుకోనివ్వండి, అంటున్నాను. ఆ బహుమతి తెలుగు ఆడియోకు పెడితే ఎంతమంది దరఖాస్తు చేస్తారో ఊహించుకోండి. మన దగ్గర దెయ్యం కథలో దెయ్యం కూడా తెల్లచీర తడుపుకునే వస్తుంది.

ఒకవేళ మిస్ మార్పుల్ తిరువూరులో పుట్టి ఉంటే? పల్లెటూళ్లో కూర్చుని, అల్లుకుంటూ, అందరి మాటలూ వింటూ హంతకుల్ని పట్టే ఆ ముసలావిణ్ని అగాథా క్రిస్టీ 1930లో మొదటి నవలకెక్కించింది. మన యాప్‌లో ఆవిడకు రోకట్లో తమలపాకు దంచే చప్పుడు, దగ్గు, "ఒరే నాయనా" అనే వణుకు ఇచ్చి, కేసును ఆవిడ మనవడైన ఎస్సై చేత తేల్చేస్తారు. ఆవిడకు మిగిలిన పనల్లా అతనికి కాఫీ ఇవ్వడం.

ఇప్పుడు యంత్రం గొంతులు వచ్చాయి. కథకుడికి డబ్బు ఇవ్వకుండా కంప్యూటరు చేత చదివిస్తున్నారు. "ఆమె గుండెలు దడదడలాడాయి" అన్న వాక్యాన్ని "తిరువూరు డిపో బస్సు మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదకు వచ్చియున్నది" అన్నంత నిర్వికారంగా చెబుతుంది. ఒత్తులు మింగుతుంది, 'శవం'ను 'సవం' చేస్తుంది. అయినా నిజం ఒప్పుకోవాలి. ఆ యంత్రం మగశవాన్నీ ఆడశవాన్నీ ఒకే గొంతుతో చదువుతుంది. హంతకురాలెవరో చివరిదాకా పొక్కనివ్వదు. పాతికేళ్ల అనుభవం ఉన్న కథకుడి కంటే ప్రాణంలేని మరబొమ్మ నిష్పక్షపాతంగా ఉందంటే, ఆ అనుభవాన్ని ఏం చేసుకోవాలో ఆయనే చెప్పాలి.

కథకులకు ఒకటే మనవి. రికార్డింగుకు ముందు మొదటి అధ్యాయాన్ని మీ ఇంట్లో ఆడవాళ్ల ఎదుట, మీ అమ్మ ఎదుట, పెద్దగా చదవండి. ఎక్కడ మీ గొంతు తడబడుతుందో అక్కడ కొట్టేయండి. హంతకురాలు ఎవరని వాళ్లను అడగండి. సరిగ్గా చెప్పారంటే ఆ రికార్డింగు పారేసి, చదవడానికి ఇంకొకర్ని వెతుక్కోండి.

వినేవాళ్లకు ఇంకో మాట. చివర్లో రేటింగు అడిగినప్పుడు ఊరికే నక్షత్రాలు నొక్కి వదిలేయకండి. ఎన్నో ఎపిసోడ్‌లో, ఎన్నో నిమిషంలో, ఎవరి గొంతు దగ్గర ఆపేశారో తెలుగులో రాయండి. కాయిన్లు కొనడం ఎందుకు మానేశారో కూడా రాయండి. వాళ్లు శ్రద్ధగా చదివేది ఆ రెండో ముక్కే.